సీసా మీద పేరు లేదు

“ఏం మందు తాగిండో పేరు చెప్పమ్మా. పేరు కావాలి నాకు.”

డాక్టర్ ఆసిమా మళ్లీ అడిగింది.

“కూల్‌డ్రింక్ సీసల ఉండె మేడం. పత్తి చేన్ల దూపయితే కూల్‌డ్రింకే అనుకొని తాగిండు,” అంది అరుణ.

మంచం మీద ఆమె భర్త భరత్. ఆక్సిజన్ పెట్టినా గోళ్ల నీలం తగ్గడం లేదు.

“సీసా తెచ్చినరా?”

“తెచ్చిన. దాని మీద ఏం పేరు లేదు. అరెకరానికి లీటర్ డబ్బా ఎందుకని, తొర్రూరు దుకాణంల జరంత పోయించుకొచ్చిండు.”

“ఆ దుకాణపాయనను అడగండి.”

“మా మరిది పోయిండు. తాళం ఏసున్నదట.”

ఆసిమా పెద్ద డాక్టరుకు ఫోన్ చేసింది.

“పురుగుమందా, గడ్డిమందా? అది తెల్వకుంటే నేనేం చెప్పాలె ఆసిమా? విరుగుడు ఇచ్చేది విషం పేరును బట్టే కదా,” అన్నాడాయన.

డాక్టర్ల వాట్సాప్ గ్రూపులో అడిగింది. ఒకరు ఒకటి అన్నారు, ఇంకొకరు అది వద్దన్నారు.

నెట్‌లో వెతికింది. ఏ పేజీ తెరిచినా ముందు అడిగేది ఒకటే: ఏ విషం?

ఎక్కువ మంది తాగి వచ్చేది పురుగుమందే. ఆ లెక్కన ఇంజెక్షన్ మొదలుపెట్టింది. ఇస్తూనే తనను తాను నమ్మలేదు.

తలుపు తెరుచుకుంది. టక్ చేసిన తెల్ల చొక్కా, బూట్లు, భుజానికి బ్యాగు.

“మేడం, ఒక్క నిమిషం.”

ఆసిమా ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. “రెప్‌లు ఓపీ అయినాకనే. బయట కూర్చోండి.”

“నేను...”

“కూర్చోండి అన్నా కదా.”

నర్సు సంధ్యారాణి తలుపు మూసింది. “రోజూ ఉండేదే వీళ్ల లొల్లి.”

బయట మందుల కంపెనీల రెప్‌లు కూర్చునే బెంచీ చివర అతను కూర్చున్నాడు.

“కొత్తనా అన్నా? ఆమెకు ఎదురువోతే ఆర్డర్ గోవిందా. కూసో, చాయ్ తాగు,” అన్నాడు పక్కనున్న రెప్.

అతను మళ్లీ లేచాడు. సెక్యూరిటీ రాజమౌళి చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆగు సార్. లోపల సీరియస్ ఉన్నది.”

“నాది అర్జెంటే.”

“ఈడికొచ్చినోళ్లందరిది అర్జెంటే.”

లోపలి నుంచి అరుణ ఏడుపు వినిపించింది. అతను భయపడి వెనక్కి తగ్గి, మళ్లీ బెంచీ చివర కూర్చున్నాడు.

లోపల ఆసిమా ఫోన్ చేస్తూనే ఉంది. హైదరాబాద్‌కు, చదువుకున్న కాలేజీకి, చదువు చెప్పిన వాళ్లకు. తెలుస్తుందనుకున్న వాళ్లెవరినీ వదల్లేదు.

పొద్దుగూకే వేళకు భరత్ ఊపిరి ఆగిపోయింది.

ఆమె బయటికి వచ్చింది. బెంచీ దాదాపు ఖాళీ. చివర అతనొక్కడే ఉన్నాడు.

“ఏ కంపెనీ మీది? రేపు రండి.”

అతను లేచి నిలబడ్డాడు. “పోయిండా మేడం?”

ఆమె మొదటిసారి అతని ముఖం చూసింది.

“అది పూత మందు మేడం. పూత బాగా రావాలని పత్తికి కొడతరు. నైట్రోబెంజీన్.”

దాని విరుగుడు వార్డు అల్మారాలోనే ఉంది. ఆసిమా అతని ముందుకొచ్చి నిలబడింది.

“మీకెట్ల తెలుసు? ఎవరు మీరు?”

అతను ఆమె వెనక మూసి ఉన్న తలుపు వైపు చూస్తూ అన్నాడు:

“తొర్రూరుల ఆ దుకాణం నాదే మేడం, నేను సీసల పోసిచ్చిందే ఆ పిలగాడు తాగిండని తెలిసి, పేరు చెప్పుదామనే ఉరికొచ్చిన.”