పక్క కుర్చీ

“మీ అబ్బాయి వాళ్ల నాన్నని రమ్మంటున్నాడమ్మా,” అంది లాయరమ్మ, విచారణ గదిలోంచి బయటికొచ్చి.

కుట్టు షాపు నడిపే ఆ తల్లి అప్పటికే లేచి కొంగు సర్దుకుంది. “నన్ను కాదా?”

“కాదు. పక్క కుర్చీలో నాన్నే కూర్చోవాలట.”

ఆమెకు ఒళ్లు మండిపోయింది. అసలు ఆ కుర్చీ వేయించింది ఎవరని? కాళ్లరిగేలా తిరిగింది తను. మిషన్లు గోడకు జరిపి, కుట్టు షాపులోనే తల్లిదండ్రులందర్నీ పోగుచేసి సంఘం పెట్టింది తను. వాళ్ల కోరిక ఒక్కటే: పిల్లల్ని స్టేషన్‌లో ఒంటరిగా కూర్చోబెట్టి వాంగ్మూలం తీసుకోకూడదు, పక్కన అమ్మో నాన్నో ఉండాలి.

ఆమె కొడుకు అలా ఒంటరిగానే చెప్పాడు. నాన్న వ్యాన్ తీసుకెళ్లింది తనేనని, సైకిల్ మీద వస్తున్న పెద్దాయన్ని గుద్ది చంపింది తనేనని. రోడ్డు పక్కన ఆపిన వ్యాన్‌ని ఎవడో ఎత్తుకెళ్లాడని భర్త ఎంత మొత్తుకున్నా పోలీసులు వినలేదట. “నన్ను లోపలికి రానివ్వలేదు. లేకపోతేనా...” అని ఆయన ప్రతి మీటింగ్‌లోనూ కళ్లు తుడుచుకునేవాడు.

నిజానికి సంఘం పెట్టాకే ఆమెకు భర్త విలువ తెలిసింది. ఇంట్లో తిన్న కంచం తియ్యని మనిషి, షాపులో చాపలు పరిచాడు, అట్టల మీద నినాదాలు రాశాడు, ఏడ్చే తల్లులకు మంచినీళ్లందించాడు. ప్రమాదం జరిగిన రోజు నుంచి మళ్లీ స్టీరింగ్ ముట్టుకోలేదు. “ఇలాంటాయన్ని ఏ కొట్లో కొన్నావక్కా? ఇంకొకరుంటే చెప్పు,” అని సంఘంలోని నర్సు ఆటపట్టించేది. కొడుకుని చూడటానికి మాత్రం ఆయన ఈ పిల్లల జైలుకి ఎన్నడూ రాలేదు. వాణ్ని ఆ గోడల మధ్య చూస్తే తన గుండె ఆగిపోతుందనేవాడు.

చివరికి ప్రభుత్వం దిగొచ్చింది. పాత వాంగ్మూలాలు కూడా, తల్లినో తండ్రినో పక్కన పెట్టుకుని మళ్లీ ఇవ్వొచ్చని చెప్పింది. షాపులో అందరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. ఆయనొక్కడే టీ గ్లాసులు కడగడానికి పెరట్లోకి వెళ్లాడు. వచ్చే నెలకి కొడుక్కి పద్దెనిమిది నిండుతాయి, పెద్ద జైలుకి మార్చేస్తారు. ఈలోగా వాడు నిజం చెప్పి తీరాలి.

ఇంత చేస్తే, ఇప్పుడు వాడికి అమ్మ అక్కర్లేదట. కన్నకొడుకే ఇంతమందిలో తనని పరాయిదాన్ని చేశాడు.

“నువ్వే వెళ్లు. నాకు మాట రాదు,” అన్నాడు భర్త, బల్ల మీంచి కదలకుండా.

“నన్ను అడగలేదు కదా వాడు. లేవండి,” అని రెక్క పట్టుకుని లేపి, తనే గదిలోకి నెట్టింది.

తలుపు పూర్తిగా పడలేదు. సందులోంచి కొడుకు కనిపిస్తున్నాడు. చొక్కా చేతులు పొట్టివైపోయాయి. తను కుట్టిందే. చూడగానే కోపమంతా కరిగిపోయింది.

“భయపడకు బాబూ. పక్కన మీ నాన్నగారున్నారు,” అంటున్నాడు అధికారి. “ఆ రోజు ఏం జరిగిందో చెప్పు.”

కొడుకు అధికారి వైపు చూడలేదు. కుర్చీ మెల్లగా తండ్రి వైపు తిప్పుకున్నాడు.

“వ్యాన్ ఎవరు నడిపారో నువ్వే చెప్పు నాన్నా.”