అట్ట లేని యాభై రెండో భాగం

“ఒకటో భాగం వద్దమ్మా. ఒకటి పట్టినోళ్లు పది దాక పోరు,” అన్నాడు నర్సయ్య.

పుస్తకాలు అద్దెకిచ్చే ఆయన డబ్బా కొట్టు భూపాలపల్లి సమ్మె శిబిరం పక్కనే ఉంది. ఊరంతా బంద్ అయినా దీన్ని మాత్రం ఎవరూ మూయమనలేదు. పొద్దంతా టెంటు కింద కూర్చునేవాళ్లకు నినాదాల మధ్య చదువుకోవడానికి ఏదో ఒకటి కావాలి మరి.

సునంద కొంగు సర్దుకుని అటూ ఇటూ చూసింది. కిరాణా వెంకట్రాజం కొత్త పెళ్లాం బొమ్మల పుస్తకాలు అద్దెకు తీసుకుపోతోందంటే శిబిరమంతా పడీపడీ నవ్వుతుంది.

“మరి ఏది చదవాలె అన్నా? నూట నలభై భాగాలున్నయంటివి. చివరిది ఇయ్యరాదు?”

“చివరి దాంట్ల మన హీరో ఉక్కురెక్క సచ్చిపోయి ఉన్నడు. ఒకటో దాంట్లనేమో ఇంక రెక్కలే రాలే. నా మాట విని యాభై రెండు వట్టుకపోండ్రి. అండ్ల ఒక కొత్త పిల్ల ఉక్కురెక్క ఉండే పట్నంల బస్సు దిగుతది. ఆమెకేం ఎరుకుండదు, అన్ని అడుగుతది. ఆమెతోని పాటు మనకూ తెలుస్తది.”

“అయినా తెల్వకపోతె?”

“ముందుగాల్ల చదివినోళ్లను అడుగుండ్రి. సగం సంబురం గట్ల అడుగుట్లనే ఉన్నది.”

అట్ట ఉన్న కాపీ అప్పటికే అద్దెకు పోయిందట. నర్సయ్య వెతికి వెతికి అట్ట ఊడిపోయినది ఇచ్చాడు. సునంద దాన్ని పాత పేపర్లో చుట్టి, సంచిలో వంకాయల కింద దాచుకుంది.

ఆమె పరేషానంతా శ్రీజ గురించే. వెంకట్రాజం మొదటి భార్య కూతురు శ్రీజ. తల్లి పోయాక జనగామలో అమ్మమ్మ దగ్గర పెరిగింది. తండ్రి పెళ్లయ్యాక నాలుగు రోజులు చూసిపోదామని వచ్చింది. అంతలో సకల జనుల సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. మళ్లీ నడిచిన రోజు అమ్మమ్మ వచ్చి తీసుకుపోతుంది. ఈసారి పోతే ఇక రాదని సునందకు గట్టిగా అనిపిస్తోంది. ఆ పిల్ల ఈ ఇంట్లోనే ఉండాలని ఆమెకు ప్రాణం కొట్టుకుంటోంది.

కానీ మాట కలిస్తే కదా! శ్రీజ ఆమెను ఏమనీ పిలవదు. “అన్నం అయిందా?” అని గోడను అడుగుతుంది. ఒకరోజు సునంద తన ట్రంకుపెట్టె తెరిస్తే, గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. చీరలు చూస్తోందనుకుని, “నచ్చింది తీస్కో బిడ్డా” అంది సునంద. పిల్ల గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాతే శ్రీజ చేతిలో ఉక్కురెక్క పుస్తకం కనబడింది. సునందకు దారి దొరికినట్టయింది.

నిజానికి ఉక్కురెక్కతో ఆమెది పొట్లాల పరిచయమే. మహబూబాబాద్‌లో తండ్రి కిరాణాకు పాత పుస్తకాలు తూకానికి వచ్చేవి. జీలకర్ర పొట్లం మీద అతని సగం మొహం, మిరియాల పొట్లం మీద ఒక రెక్క. రంగు కాగితాలు మందంగా ఉంటాయని తన ట్రంకుపెట్టె లోపలా, మూతకూ అవే అంటించింది తప్ప, ఒక్క ముక్క చదివిన పాపాన పోలేదు.

వెంకట్రాజం సమ్మెవాళ్లు రోడ్డు మీద చేసే వంటావార్పుకు బియ్యం పట్టుకుపోయాడు. సునంద వంటింట్లో కూర్చుని పుస్తకం చదివింది. మొదట నవ్వొచ్చింది. పది పేజీలయ్యేసరికి పొయ్యి మీద పప్పు అడుగంటింది.

మర్నాడు ధైర్యం చేసి అడిగింది. “శ్రీజా, ఉక్కురెక్క నీళ్లను చూస్తె ఎందుకు భయపడ్తడు?”

శ్రీజ చటుక్కున తలెత్తింది. చేతిలోని పుస్తకం అట్ట మీద బస్సు దిగుతున్న పిల్ల బొమ్మ. అదే భాగం! ఎన్నోసారి చదువుతోందో పాపం, అంత ఇష్టం కాబోలు అనుకుంది సునంద.

“అది... ముందటి భాగాలల్ల ఉంటదేమో. మీకు ఎరుకనే గద?” అంది శ్రీజ మెల్లగా.

తనను పరీక్షిస్తోందనుకుంది సునంద. “ఎరుకనే. మర్చిపోయిన,” అని బొంకింది.

“నేను గూడ మర్చిపోయిన,” అంది శ్రీజ.

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఇక ముందటి భాగాలు తెచ్చుకోక తప్పలేదు. అక్కడి నుంచి రోజూ మధ్యాహ్నం ఒకరు చదవడం, ఇంకొకరు అడ్డం పడి కొట్లాడడం. వెంకట్రాజం శిబిరం నుంచి వచ్చి చాయ్ అడిగితే ఇద్దరూ ఒక్కసారే “జర ఆగు!” అనేవారు.

సమ్మె ముగిసింది. బస్సులు నడిచాయి. అమ్మమ్మ రానే వచ్చింది. సునంద పిల్ల బట్టలు మడత పెడుతుంటే కళ్లలో నీళ్లు ఆగలేదు.

“అమ్మమ్మా, ఉక్కురెక్క బాయిల వడ్డడు. ఎట్ల బయటికొస్తడో చూడకుంట నేను రాను. నన్ను ఈడనే బడిల ఎయ్యమని నాయినకు చెప్పిన,” అంది శ్రీజ.

ఉక్కురెక్క ఎవరో అమ్మమ్మకు అర్థం కాలేదు. సునంద మొహం చూశాక ఇంకేం అడగబుద్ధి కాలేదు. శ్రీజ బట్టల సంచి తీసి మళ్లీ లోపల పెట్టింది.

మర్నాడు పొద్దున్నే సునంద లడ్డూల డబ్బాతో నర్సయ్య దగ్గరికి పరుగున వెళ్లింది.

“నువ్వు చెప్పినట్టె అయింది అన్నా! ముందుగాల్ల చదివినామెను అడిగిన. మా శ్రీజ నీకు పాత గిరాకి కావచ్చు, నూట నలభై భాగాలు నమిలి మింగినట్టుంది.”

నర్సయ్య లడ్డూ కొరకబోయి ఆగాడు. “పాత గిరాకా? మీకంటె ఒక్క రోజు ముందుగాల్ల వచ్చింది. అట్ట ఉన్న యాభై రెండు ఆమెకే ఇచ్చిన.”

“ఆమెకెందుకు? అది కొత్తోళ్లకు గద ఇస్తవు?”

“‘మా అమ్మ పెట్టె నిండ ఉక్కురెక్కనే ఉన్నడు, నేను ఏడికెళ్లి మొదలువెట్టాలె?’ అని అడిగింది.”