నిలకడ

ఈసారి కూడా హెలికాప్టర్ పెద్దాయన చేతిలో నిలబడలేదు. బల్ల మీంచి మూరెడు ఎత్తు లేచి, తప్పతాగినవాడిలా అటూ ఇటూ ఊగి, వెళ్లి గోడకి కొట్టుకుని కింద పడింది. రెక్క కొస విరిగింది.

"బాగుచేశానన్నావు బాబూ," అన్నాడాయన. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే మెకానిక్‌కి అంత తల కొట్టేసినట్టు అనిపించేది కాదు.

మూడు వారాల్లో ఆయన ఆ షాపుకి రావడం ఇది నాలుగోసారి. రిమోట్‌తో నడిచే ఆ చిన్న హెలికాప్టర్‌ని ప్రతిసారీ ఉతికిన తువ్వాలులో చుట్టి తెచ్చేవాడు. అది గాల్లో ఒకేచోట కదలకుండా నిలబడాలి. ఆయన అడిగేది అంతే. ఎత్తుకి ఎగరక్కర్లేదు, గిరికీలు కొట్టక్కర్లేదు. మనవడిదేమోనని మెకానిక్ ఒకసారి అడిగాడు. తనదేనన్నాడు, అంతకుమించి చెప్పలేదు. రిటైరైన లెక్కల మాస్టారై ఉంటాడనీ, పొద్దుపోక దీని వెంట పడ్డాడనీ మెకానిక్ అనుకున్నాడు.

మెకానిక్ కొత్త రెక్కలు వేశాడు. రెండింటి బరువూ సరిచూసి, తేలికగా ఉన్నదాని కొసకి గోరంత టేపు అంటించాడు. రెక్కల కింద ఉన్న కడ్డీని అర చుట్టు తిప్పాడు. తోక పంకా బిగించాడు. లేపితే హెలికాప్టర్ ఛాతీ ఎత్తున, గాల్లో మేకు కొట్టి తగిలించినట్టు ఆగిపోయింది. రిమోట్ మీద దాన్ని నడిపే కుడి పుల్ల మీంచి వేలు తీసేసినా కదల్లేదు.

"చూశారా సార్?"

"నీ చేతిలో కాదు. నా చేతిలో నిలబడాలి."

రిమోట్ ఆయనకి అందించాడు. క్షణంలో ఊగడం మొదలైంది. మెకానిక్ ఈసారి హెలికాప్టర్‌ని చూడలేదు, ఆయన చేతుల్ని చూశాడు. శుభ్రమైన చేతులు, పొట్టిగా కత్తిరించిన గోళ్లు. కుడి బొటనవేలు పుల్ల మీద వణుకుతోంది. పనిగట్టుకుని చూస్తే తప్ప తెలియనంత సన్నగా, కానీ ఆగకుండా. పెద్దాయన మాత్రం పళ్లు బిగించి హెలికాప్టర్ వంకే చూస్తున్నాడు.

రిమోట్‌లో ఏదో మార్చాలని చెప్పి మెకానిక్ దాన్ని తీసుకుని తెర వెనక్కి వెళ్లాడు. అక్కడ అతని భార్య వైర్లు అతికిస్తోంది. తెర సందులోంచి ఆమె కూడా చూసినట్టుంది. "ఆ చెయ్యే వణుకుతోందండీ. చెప్పెయ్యండి పాపం," అంది మెల్లగా.

"ఏమని చెప్పను? మా నాన్న వయసువాడు. నీ చెయ్యి పట్టు తప్పిందని మొహం మీద అనమంటావా?"

"ఆయనకి తెలియాలి కదా."

"తెలిసి ఏం చేస్తాడు? ఆడుకుంటున్నాడు. ఆడుకోనీ."

రిమోట్‌లో పుల్లల సున్నితత్వాన్ని తగ్గించేశాడు. ఇక బొటనవేలితో గట్టిగా పక్కకి తోస్తే తప్ప చిన్నాచితకా కదలికలేవీ హెలికాప్టర్‌కి అందవు. పదేళ్ల పనిలో ఏ వస్తువునీ అతను ఇలా మొద్దుబార్చలేదు. భార్య మళ్లీ వైర్ల మీదికి వంగింది.

పెద్దాయన చేతిలో హెలికాప్టర్ లేచింది, ఆగింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. నేల మీద దాని నీడ అంగుళం కూడా జరగలేదు. ఆయన నుదుటి మీది చెమట కనుబొమల్లోకి దిగుతున్నా తుడుచుకోలేదు. మూడో నిమిషానికి మెల్లగా దింపి, పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు.

"దోషం యంత్రంలోనేనా?" అని అడిగాడు. "నిజం చెప్పు. నన్ను చూసి జాలిపడకు."

తెర వెనక పని చప్పుడు ఆగిపోయింది.

"రిమోట్‌లోనే సార్. మీ చేతికేం, నిక్షేపంలా ఉంది," అన్నాడు మెకానిక్.

పెద్దాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి అతని భుజం తట్టాడు. హెలికాప్టర్‌ని మాత్రం తీసుకోలేదు. దాంతో తనకిక పని లేదనీ, షాపులోనే ఉంచుకొమ్మనీ చెప్పి, తువ్వాలు నాలుగు మడతలు పెట్టుకుని బయటికి నడిచాడు. మెకానిక్ ఏమీ అర్థంకాక గుమ్మం దాకా వెళ్లాడు.

పెద్దాయన కారెక్కుతూ ఫోన్‌లో ఎవరికో చెబుతున్నాడు.

"రేపు పొద్దున ఆ పాప తల ఆపరేషన్‌కి ఇంకో సర్జన్‌ని పిలవక్కర్లేదు సిస్టర్, నేనే చేస్తాను."