ఉప్పు కాగితం

"నీ కాలు విరగ్గొట్టింది నేనేరా," అన్నాడు ఎర్మెస్, తెచ్చిన కేకు బల్ల మీద పెట్టకుండానే.

సోఫాలో పడుకుని, పిండికట్టు వేసిన కుడికాలిని రెండు దిండ్ల మీదికి ఎక్కించి ఉన్న లెయార్కో తల తిప్పి చూశాడు. మంగళవారం కొండదారిలో ఇటుకబట్టీ మలుపు దగ్గర వెనక చక్రం జారి పడ్డానని ఊరంతటికీ చెప్పింది అతనే. ఆ పూట ఎర్మెస్ ఊళ్ళో తన దుకాణంలో కూర్చుని ఎవరికో కట్టుడు పళ్ళు చేస్తున్నాడు.

"నువ్వక్కడ లేవు కదరా."

"నేను లేను. నా మాట ఉంది."

ఇటలీలోని రోమాన్యా కొండల్లో మోటారుసైకిల్ ఉన్నవాడి పరువు వాడి ముఖంలో ఉండదు, వెనక టైరు అంచులో ఉంటుంది. ఆదివారం పొద్దున్నే కనుమ మీది కాఫీ బార్ ముందు బండి ఆపగానే నలుగురూ దాని వెనక్కి చేరి గొంతుక్కూర్చుంటారు. మలుపులో బండిని బాగా వంచేవాడి టైరు అంచుదాకా అరిగి ఉంటుంది. టైరు 'మూశాడు' అంటారు వాణ్ణి. వంచడానికి భయపడేవాడి టైరుకి రెండు పక్కలా వాడని రబ్బరు పట్టుచీర అంచులా నిగనిగలాడుతూ మిగిలిపోతుంది. అంచు ఉన్నచోట పట్టు లేదన్నమాట. టైరు మూసినవాడు మాట్లాడతాడు, మూయనివాడు నోరు మూసుకుంటాడు. అక్కడి చట్టం అదే.

వీళ్ళిద్దరూ పదేళ్ళుగా నోరు మూసుకునే పక్షం. కిందటి ఆదివారం మాత్రం ఎర్మెస్ టైరు మూసుకుని ఉంది, అందుకని నోరు తెరుచుకుంది. మలుపు చివరన చూపు నిలపాలన్నాడు. బండి పూర్తిగా ఒరిగాక భయపడకుండా గ్యాస్ విప్పాలని, అంటే యాక్సిలరేటర్ తిప్పాలని, అప్పుడే వెనక టైరు నేలని గట్టిగా పట్టుకుంటుందని గంటసేపు చెప్పాడు. బండికి ఏనాడూ కొట్టని గ్యాస్ అంతా బార్లో కొట్టాడు. అందరికన్నా దగ్గరగా కూర్చుని విన్నవాడు లెయార్కో. రెండు రోజులు తిరక్కుండానే కాలికి కట్టు పడింది.

"ఆ టైరు మలుపుల్లో అరగలేదురా," అన్నాడు ఎర్మెస్. "శనివారం ఉప్పు కాగితం పెట్టి నేనే రుద్దాను."

లెయార్కోది నట్లూ బోల్టులూ అమ్మే కొట్టు. అక్కడ కొంటే పసిగడతాడని పక్క ఊరు వెళ్ళి కొన్నాడట. బండి మీద వెళ్తే గుర్తుపడతారని బస్సులో వెళ్ళాడట. పళ్ళు అరగదీయడం అతని వృత్తి. టైరు అరగదీయడం ప్రవృత్తి అవుతుందని అతనూ అనుకోలేదు.

ఇంకా ఉందన్నాడు. టైరుకి ఉన్న పట్టంతా కలిపి ఒక్కటే. ఒరగడానికి కొంత, బండిని ముందుకు తొయ్యడానికి కొంత అందులోంచే పంచుకోవాలి. ఉన్నదంతా ఒరగడానికే ఖర్చుపెట్టి ఆపైన గ్యాస్ విప్పితే వెనక చక్రం జారక ఏం చేస్తుంది? ఇదంతా బుధవారం పుస్తకం చూసి తెలుసుకున్నాడు.

"నువ్వు పడ్డాక నేర్చుకున్నానురా. టైరు మూసిన పాపానికి రెండు రాత్రులుగా రెప్ప మూయలేదు."

ఇందాక గుమ్మంలో లెయార్కో భార్య దోరీనా చీపురుతో ఎదురైనప్పుడు, నాలుగు తగిలిస్తుందనుకుని ఎర్మెస్ తల వంచాడు. బండి వంచలేనివాడికి తల వంచడం తేలికే. ఆమె మాత్రం లోపలున్నాడు వెళ్ళమని, కాఫీ తరవాత పెడతానని చెప్పి గరాజు వైపు వెళ్ళిపోయింది. ఆ మర్యాద చీపురు దెబ్బకన్నా గట్టిగా తగిలింది. గోడ మేకుకి వేలాడుతున్న లెయార్కో తోలుకోటు మీద గీతయినా లేదు. కోటుకి తగలాల్సింది కూడా కాలికే తగిలిందన్నమాట అనుకుని మరింత కుంగిపోయాడు.

లెయార్కో గోళ్ళ సందుల్లోని నలుపు తీసుకుంటూ కప్పు వైపు చూశాడు.

"ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదురా," అన్నాడు చివరికి.

"తాగుతాను. ఎక్కడ తాగమంటే అక్కడ."

"ఆదివారం, కనుమ మీద, బార్లో. టైరు అందరికీ చూపించి, ఇప్పుడు నాకు చెప్పినట్టే చెప్పు."

ఎర్మెస్ కళ్ళ ముందు ఆదివారం కదిలింది. ముప్ఫై మంది గొంతుక్కూర్చుంటారు, ముప్ఫై మంది నవ్వుతూ లేస్తారు. పోయేదాకా 'ఉప్పు కాగితం' అనే పిలుస్తారు. పోయాక సమాధి రాయిని దానితోనే నున్నగా రుద్దుతారు. అయినా దిండ్ల మీది కాలు చూసి సరేనన్నాడు.

లెయార్కో అతని చెయ్యి పట్టుకున్నాడు. గొంతు మెత్తబడింది.

"నన్ను చూడు. కాలు పోయింది గానీ తల ఎత్తుకునే ఉన్నాను. వంచి పడ్డవాడికి సిగ్గులేదురా, ఎర్మెస్. వంచించి నిలబడ్డవాడికే సిగ్గు."

ఎర్మెస్ కళ్ళు తుడుచుకున్నాడు. చేతిలో ఇంకా ఉన్న కేకుని అప్పుడు బల్ల మీద పెట్టాడు.

గరాజు తలుపు చప్పుడయింది. దోరీనా ఒక చేత్తో చీపురు, రెండో చేత్తో నల్లగా మాసిన కాగితం ముక్క పట్టుకుని గదిలోకి వచ్చింది.

"ఏమయ్యా, స్టాండు జారి బండి నీ కాలి మీద పడ్డచోట ఇది దొరికింది. పారెయ్యనా, టైరుకి రెండో పక్క కూడా రుద్దుకుంటావా?"