వెలుతురుకి అడ్డం

"పొద్దున బానెట్ ఎత్తి నీళ్ళు చూశావా లేదా? అదొక్కటి చెప్పు," అన్నాడు మెకానిక్కు మేస్త్రీ.

"చూశానండీ. నిండుగానే ఉన్నాయి," అన్నాడు డ్రైవరు.

"నిండుగా ఉంటే ఇలా ఎందుకు ఉడికిపోతుంది? నేనొచ్చి తాగేశానా?"

రోడ్డు పక్కన ఆగిన పాత కారు లోంచి ఇంకా ఆవిరి వస్తూనే ఉంది. తాళం తిప్పితే ఓ మూలుగు మూలిగి ఊరుకుంటోంది. కారు యజమానురాలైన ప్రిన్సిపాలమ్మ చేతి గడియారం చూసుకుంటూ పచార్లు చేస్తోంది.

"నిన్న సాయంత్రమేగా మీ షెడ్డులో ఇంజనుకి నీళ్ళెళ్ళే కొత్త గొట్టం వేయించాను? మా స్కూలు బస్సులన్నీ మీ చేతిలోనే పెట్టాను, మేస్త్రీ."

"నా చెయ్యి పడ్డ బండి మళ్ళీ ఆగదమ్మా. తోలేవాడికి శ్రద్ధ ఉండాలి."

"విన్నావా?" అందావిడ డ్రైవరుతో. "ఇది నీ నిర్లక్ష్యమని తేలితే రేపటి నుంచి రానక్కర్లేదు."

ఇంజను చల్లారాక మేస్త్రీ క్లిప్పు వదులు చేసి కొత్త గొట్టం ఊడదీశాడు. లోపల ఏదో మెత్తగా తగిలింది. రెండు వేళ్ళు పెట్టి లాగితే, తడిసి ముద్దైన నీలిగళ్ళ గుడ్డముక్క వచ్చింది.

అది తన పాత చొక్కా ముక్కే. గొట్టం విప్పినప్పుడు దుమ్ము పడకుండా మూతిలో గుడ్డ కుక్కడం అతని అలవాటు. నిన్నా కుక్కాడు. తియ్యడం మరిచిపోయి పైన గొట్టం బిగించేశాడు. నీళ్ళు తిరగడానికి దారి లేక బండి ఉడికింది.

"ఏమైనా తెలిసిందా?" ప్రిన్సిపాలమ్మ దగ్గరికొచ్చింది.

గుడ్డ చటుక్కున అతని వెనక జేబులోకి పోయింది. "ఏముందమ్మా, నీళ్ళు చాల్లేదు," అన్నాడు. అన్నాక సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"నాదే పొరపాటండీ. సరిగా చూసి ఉండను," అంటూ డ్రైవరు వచ్చి మేస్త్రీ వెనకాలే నిలబడ్డాడు.

ఇప్పుడైనా చెప్పెయ్యాలనుకున్నాడు మేస్త్రీ. క్లిప్పు బిగిస్తూ అనుకున్నాడు, నీళ్ళు పోస్తూ అనుకున్నాడు. చెప్పలేకపోయిన ఉక్రోషమంతా డ్రైవరు మీదే చూపించాడు.

"పక్కకి జరగవయ్యా. వెలుతురుకి అడ్డం."

డ్రైవరు జానెడు కదిలాడు గాని అక్కణ్ణుంచి పోలేదు.

నాలుగోసారికి బండి అందుకుంది. ప్రిన్సిపాలమ్మ తనే స్టీరింగు ముందు కూర్చుంది. "రేపు వచ్చి నీ సామాను పట్టుకెళ్ళు," అని డ్రైవరు వైపు చూడకుండానే వెళ్ళిపోయింది.

ఇద్దరే మిగిలారు. మేస్త్రీకి తల కొట్టేసినట్టుంది. ఏదో ఒకటి మాట్లాడాలి గనక, తనొచ్చిన స్కూటరు స్టాండు తీస్తూ, "అయినా అంతసేపు నా వీపుకి అతుక్కుపోయావేం?" అన్నాడు.

డ్రైవరు కాస్త వంగి, మేస్త్రీ వెనక జేబులోంచి వేలాడుతున్న నీలిగళ్ళ గుడ్డని మెల్లగా లోపలికి తోశాడు.

"ఇది ఆవిడ కంట పడితే మీకు బస్సులు కూడా పోయేవి కదండీ."