మైకుకు పనికిరాని గొంతు

“తాతా! మైకు ముట్టుకోవాకు!”

ఫాయిజా కేకకు ముసలాయన చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

జమ్మలమడుగు పక్క పల్లెలో కొత్తగా కట్టిన చర్చి అది. సాయంత్రమే ప్రారంభం. ప్రొద్దుటూరు నుంచి స్పీకర్లు తెచ్చి బిగించింది ఫాయిజా. ఒళ్లో ల్యాప్‌టాప్, పక్కన సౌండును సరిచేసే ప్రాసెసరు పెట్టె. ఆ పెట్టెతో సౌండు సరిదిద్దడంలో ప్రొద్దుటూరులో ఆమె తర్వాతే ఎవరైనా. ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు.

“ఒక్క మాట మాట్లాడి చూస్తా పాపా,” అన్నాడాయన.

బండ మీద రేకు ఈడ్చినట్టుంది గొంతు.

“సరే, మాట్లాడు.”

“దేవునికి...” అని మొదలుపెట్టాడు. ఆ తర్వాత వచ్చిందంతా గాలే.

ఫాయిజా సౌండు పెంచింది. స్పీకర్లు కుయ్‌మని కూశాయి.

“చూసినావా? పెంచితే కూస్తాంది, పెంచకుంటే ఇనపడదు. ఈ గొంతు పెట్టుకొని ఏ ఫిల్టరేసి సరిచేసేది?”

“కొంచెమన్నా ఇనపడేటట్టు చెయ్యలేవా?”

“పనికొచ్చే గొంతు కావల్ల తాతా. నాకు శానా పనుంది.”

“నిజమేలే,” అని నవ్వి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

కాసేపటికి సుందరి టీ తెచ్చింది. చర్చి శుభ్రం చేసేది ఆమే.

“పెద్దమ్మా, మైకులో ఒక పాట పాడు.”

సుందరి సిగ్గుపడుతూనే అందుకుంది. ఫాయిజా వేళ్లు చకచకా కదిలాయి. దద్దరిల్లే మోతను క్రాస్‌ఓవర్‌తో పెద్ద బాక్సులకు మళ్లించింది. మాటను చిన్న బాక్సులకు వదిలింది. గోడలకు తగిలి తిరిగొచ్చే బొంగురును ఈక్వలైజర్‌లో కోసేసింది. చివరి బెంచీ దాకా పాట తేటగా పారింది.

“ఇంక నువ్వు గుసగుసలాడినా ఇనపడతాది!” అంది గర్వంగా.

సాయంత్రం చర్చి నిండిపోయింది. పాస్టరు వినోద్ కుమార్ మైకు ముందుకొచ్చాడు.

“ఈ మైకులో మొదటి మాట మన పేతురన్నదే. అన్నా, రా!”

ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది.

వెనక నుంచి ఎవరో లేచారు. “కమలాపురం బస్సెక్కినాడు, కూతురింటికి. తన గొంతు మైకుకు పనికిరాదంట. ఇంకెవురితోనన్నా చెప్పించమన్నాడు.”

ఫాయిజా తల తిప్పి ఆ ఖాళీ కుర్చీ వైపు చూసింది.

మైకును ఆయన పెదాల దగ్గరికి జరిపి, కూసే స్వరాన్ని సన్నగా కోసి, మాట తేటపడే స్వరాన్ని కాస్త ఎత్తి ఉంటే వినపడేది. ఆమెకది టీ తాగినంత పని. తెలిసీ చెయ్యలేదు.

“ఆ గొంతుతో ఆయప్పనే ఎందుకు మాట్లాడమన్నారు పెద్దమ్మా?” పక్కన నిలబడిన సుందరిని మెల్లగా అడిగింది.

సుందరి కళ్లు తుడుచుకుంది.

“చెరువు కట్ట తెగిన పొద్దు కరెంటూ లేదు, మైకూ లేదు పాపా, వీధి వీధీ తిరిగి, ఇంటింటి తలుపూ బాది, ‘లేయండి, గుట్టెక్కండి’ అని అరిచి అరిచి మమ్మల్నందర్నీ బతికించినాడు, ఆ పొద్దు పోయిన గొంతు మళ్లా రాలేదు.”