తెల్లబడిన మనకా

"ఇది పువ్వా, పిప్పా?"

దోనా జెనోవేవా పూలకుండీలోని కొమ్మను రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పైకెత్తింది. మేరీమాత పీఠం ముందు ఊడుస్తున్న జుసిలేనీ చీపురు ఆపింది.

"మీరే చూడండి ఫాదర్! పొద్దున నా చేత్తో కోసి పెట్టాను. నిగనిగలాడే ఊదా మనకా, గుడంతా ఘుమఘుమ! ఇప్పుడేమో తెల్లగా పాలిపోయింది."

పదిహేను రోజులకోసారి కొండెక్కి వచ్చే ఫాదర్ అన్సెల్మో కళ్లద్దాలు సవరించుకున్నారు. "మనకా పూలు రంగు మారతాయి కదమ్మా?"

"మారతాయి. ఇవాళ ఊదా, రేపు లేత ఊదా, ఎల్లుండి తెలుపు. పసిపిల్లనడిగినా చెబుతుంది. పొద్దుటి పువ్వు సాయంత్రానికే మూడు రోజుల ముసలిదైందా? ఈ మహాతల్లి నా కొమ్మ కొట్టేసి, చెత్తలోది ఏరుకొచ్చి పెట్టింది. నా కత్తెర కూడా మాయం! ఏమే, బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేం?"



ఫాదర్ చూపు దోనా నడుముకు వేలాడుతున్న గుడి తాళంచెవి మీద పడింది. "పోయినసారి మీరు కొవ్వొత్తులు ఆర్పకుండా వెళ్లారు. పీఠం గుడ్డ అంటుకుంది. ఇంకొక్క పొరపాటు జరిగితే తాళంచెవి ఊళ్లోని ఒదీలాకు ఇస్తానన్నాను."

"అదీ దీని నిర్వాకమే! ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఈ తాళంచెవే నా ప్రాణం. ఇది తీసుకున్న రోజు నన్నూ పాతిపెట్టెయ్యండి. అయినా ఒదీలాకా? సాంబ్రాణికీ సారాకీ తేడా తెలియని మనిషికా?"

జుసిలేనీ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. చీపురు గోడకు ఆనించింది.

"నేనే ఫాదర్. కొమ్మ మార్చింది నేనే. ఆ రోజు కొవ్వొత్తులు మరిచిందీ నేనే."

"విన్నారా? దొంగబుద్ధి ఎక్కడికి పోతుంది! జీతం ఇచ్చి పామును పెంచాం."

ఫాదర్ నిట్టూర్చారు. "రేపటి నుంచి పనికి రావద్దమ్మా."

"రేపటిదాకా ఎందుకు? ఇప్పుడే పొమ్మనండి! గడప మీద నీ నీడ కూడా పడకూడదు. ఛీ!"

జుసిలేనీ పెరటి దారిన బయటికి నడిచింది. మనకా పొద నిండా ఊదా పూలు. దాని మొదలు దగ్గర, గడ్డిలో, దోనా కత్తెర వానకు నాని తుప్పు పట్టి ఉంది. తీసి, గౌను అంచుతో తుడిచి, దోనాకు కనబడేలా గుడి కిటికీలో పెట్టింది. లోపల తిట్లు ఇంకా ఆగలేదు.

దోనా ఆ పొద దగ్గరకు వచ్చి, కొమ్మ కోసుకెళ్లి మూడు రోజులైంది.